బరువు చూసే గది

నా తరగతి గదిలో ఒక అమ్మాయి, ఎవరూ కొట్టని దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలా సహజంగా ఉందని నేను మెచ్చుకున్నాను. వెనక బెంచీల వాళ్ళకు కనపడలేదని మళ్ళీ ఒకసారి చేయించాను. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నర్సింగు చదివే పిల్లల కోసం ఉద్యోగ జ్ఞాపకం ఏదైనా రాయమని అడిగితే ముందుగా చెవిలో పడింది ఆ చప్పట్లే. మంచి సంగతులు లేక కాదు. దేవుడి దయ వల్ల అవీ ఉన్నాయి. కానీ అవి తలుచుకుని నేను సంతోషపడడానికి తప్ప మీకు పెద్దగా పనికిరావు. ఇది పనికొస్తుంది.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. జమ్మలమడుగులో మా నాయన దర్జీ. జాకెట్ల కొలతలు పాత పేపర్ల మీద గీసి కత్తిరించేవాడు. ఆ ముక్కల మీదనే నాకు తెలుగు చదవడం నేర్పాడు. చంక దగ్గర, మెడ దగ్గర కత్తెర పడి మాటలు సగానికి తెగిపోయేవి. మిగతా సగం ఏమై ఉంటుందో నేను చెప్పాలి. సరిగ్గా చెబితే ఆ పూట గుండీల డబ్బా నాదే. అట్లా ఇంట్లోనే చదివి, ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష కట్టి, నర్సింగులో చేరాను. ఈ రోజుకూ నమాజులో ఆయన పేరు తలవకుండా లేవను.

అయితే తెగిన మాటను పూర్తి చేసే ఆ అలవాటు నా ఉద్యోగంలో నాకు చేటు చేసింది. జమ్మలమడుగు ఆసుపత్రిలో కొత్తగా ఉన్నప్పుడు ముంజేతి ఎముక విరిగిన ఒకామెను తెచ్చారు. ఎట్లా తగిలిందని అడిగితే ఆమె నోరు తెరిచి "మిద్దె మీద..." అంది. "మెట్ల మీద జారిపడింది" అని పక్కనున్న అత్తగారు అందుకుంది. నేను రాసేసుకున్నాను. సగం మాట ఆమెది, సగం వాళ్ళది, చేతిరాత నాది. కొన్ని నెలలకు ఆమెను మళ్ళీ తెచ్చారు. అప్పుడు ఆమె మాట్లాడే స్థితిలో లేదు. నేను రాసిచ్చిన పాత చీటీ వాళ్ళ సంచిలో మడతపెట్టి భద్రంగా ఉంది. ఆమె బతకలేదు.

తర్వాత పులివెందులకు బదిలీ అయినప్పుడు నాకు అసలు చదువు చెప్పింది అక్కడి వార్డు ఆయా. సంతకం పెట్టడానికి తడుముకునే మనిషి. ఒకరోజు తల పగిలిన ఒకామె వచ్చింది. మొగుడు బంక మాదిరి ఆమె పక్కనే అతుక్కుని ఉన్నాడు. నేను అడిగిన ప్రతి మాటకూ అతనే జవాబు. ఆయా చీపురు గోడకు ఆనించి వచ్చి, "సిస్టరమ్మా, ఈయమ్మను బరువు సూడల్ల. నువ్వు ఈడనే కూచ్చో నాయనా" అని చెప్పి, ఆమెను తెర వెనక్కు పిలుచుకుపోయింది. అక్కడ బరువు చూసే మిషను ఉండేది. ఆ తెర చాటున ఆమె ఏడ్చింది, చెప్పింది.

తర్వాత నేను అడిగితే ఆయా నవ్వింది. "సూదేసేకాడ నిలబడతాడు, బీపీ సూసేకాడ నిలబడతాడు. ఆడోళ్ళు బరువు సూసుకునే కాడికి మాత్రం మొగోడు రాడు. యాల రాడో ఆయప్పకే తెలీదు" అంది.

ఆమె చెప్పిన ఆ మాటతోనే నేను తర్వాత ప్రొద్దుటూరులో ఒక నర్సింగు స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠం చెప్పాను. ఆ పాఠం పుస్తకంలో రెండు పేజీలే ఉంటుంది. ఆడవాళ్ళ మీద ఇంట్లో జరిగే హింసను గుర్తించడం. పిల్లలు దాన్ని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు, వార్డులో మాత్రం 'జారిపడింది' అనే రాస్తారు. అందుకని నేను మూడు కుర్చీలు వేసేదాన్ని. ఒకటి పేషెంటుకు, ఒకటి వెంట వచ్చిన మనిషికి, ఒకటి నర్సుకు. ఎవరు ఎట్లా నటించాలో పొద్దున నమాజు అయిన తర్వాత కూర్చుని చీటీలు రాసుకునేదాన్ని. పేషెంటు చీటీలో ఏముందో నర్సుగా కూర్చున్న పిల్లకు తెలియదు. మిగతా పిల్లలు మాటలు వినకుండా చేతులు, మెడ, చూపు గమనించి రాయాలి. ఎవరికి ఏం కనపడిందో చివర్లో అందరం మాట్లాడుకునేవాళ్ళం.

నేను పెట్టిన నియమాలు మూడే. ఏదో ఒక నెపం మీద ఆమెను ఒంటరిగా పిలుచుకుపోవాలి. చుట్టూ తిప్పకుండా సూటిగా అడగాలి. అడిగిన తర్వాత పెన్ను కింద పెట్టి ఊరికే ఉండాలి. ఆమె మాటను మనం పూర్తి చెయ్యకూడదు.

ఆ సంవత్సరం బ్యాచిలో దువ్వూరు దగ్గర పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. పెళ్ళయినాక చదువులో చేరింది. అత్తగారిది భూములున్న పెద్ద ఇల్లు, ఊళ్ళో వాళ్ళ మాటకు ఎదురుండదు. భర్త రోజూ పొద్దున మోటారు సైకిల్ మీద దింపి, సాయంత్రం ఐదుకు గేటు దగ్గర నిలబడి ఉండేవాడు. మధ్యాహ్నం క్యారియరు కూడా అతనే తెచ్చిచ్చేవాడు. ఆమె దగ్గర ఫోను లేదు, ఏ కబురైనా అతని ఫోనుకే. మా టీచర్లందరికీ అతనంటే ముచ్చట. "ఇట్లాంటోడు ఏడు జన్మలెత్తినా దొరకడు మేడమ్" అని నా పక్క కుర్చీ టీచరు నిట్టూర్చేది. నేను వెంట వచ్చిన మనిషిని అనుమానించమని పాఠం చెప్పేదాన్ని. ఆ గేటు దగ్గర మనిషిని చూసి మాత్రం ఇంత మంచి భర్తనిచ్చావని దేవుడికి ఆమె తరఫున కృతజ్ఞత చెప్పుకునేదాన్ని.

ఆ రోజు పేషెంటు చీటీ దువ్వూరు అమ్మాయికి వచ్చింది. మొగుడి చీటీ ఎర్రగుంట్ల పిల్లకు. ఈ పిల్ల సిమెంటు లారీ డ్రైవరు కూతురు. నవ్వు మొదలైతే ఆపుకోలేదు, మార్కులు అంతంతమాత్రం. కాటుకతో మీసం దిద్దుకుని, భుజాన టవలు వేసుకుని కాలు మీద కాలేసుకుంది.

"యో సిస్టరూ! మా ఆడదానికి ఏం గాల్యా. కట్టు కట్టి బిన్నా పంపీ. ఇంటికాడ బర్రెలు నోరు పెట్టుకోని అరుస్తాండాయి" అంది. క్లాసంతా గొల్లుమంది.

"గమ్మునుండండే, నన్ను అడగనీండి" అని నర్సు కుర్చీలో పిల్ల వాళ్ళను కసిరి, పేషెంటు వైపు తిరిగింది. "ఎట్ల తగిలిందమ్మా?"

"పడినా" అంది దువ్వూరు అమ్మాయి.

"యాడ పడితివి?"

అప్పుడు ఎర్రగుంట్ల పిల్ల చెయ్యి పైకి లేచింది. అంతే, దువ్వూరు అమ్మాయి ఎడమ ముంజెయ్యి ముఖానికి అడ్డం వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తల భుజంలోకి దూరిపోయింది. నవ్వులు ఆగిపోయాయి.

"చూశారా!" అన్నాను. "నోరు పడినా అంటోంది, చెయ్యి ఏమంటోంది? ఇంకొకసారి చెయ్యమ్మా, వెనక వాళ్ళకు కనపడలేదు."

ఆమె ఒక క్షణం నా వైపు చూసి, మళ్ళీ చేసింది. చప్పట్లు ఆ తర్వాతివే. ఎర్రగుంట్ల పిల్ల ఒక్కతే కొట్టలేదు. మీసం తుడుచుకుంటూ కూర్చుంది. తన నటనను మెచ్చుకోలేదని అలిగింది కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రం నేను చేసిన పని మీరు చేయకండి. అతను గేటు దగ్గర ఎప్పటిలాగే అడిగాడు. "ఈ పొద్దు ఏం నేర్పిచ్చినారు మేడమ్?" భార్య చదువు మీద ఇంత శ్రద్ధ చూపే మొగవాళ్ళు ఎంతమంది ఉంటారని నాకు ఎప్పుడూ ఆనందమే. "ఈ రోజు మీ ఆమెదే పేరు నాయనా. మొగుడు కొట్టే ఇంటి ఆడమనిషిగా ఎంత బాగా చేసిందనుకున్నావు! అందరికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి" అన్నాను.

అతను నవ్వాడు. "ఇంటికాడ గూడా యాక్టింగే మేడమ్ ఈయమ్మది" అన్నాడు. నేనూ నవ్వాను. ఆమె బండి వెనక కూర్చుని సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

తర్వాత నాలుగు రోజులు ఆమె రాలేదు. ఫోను చేస్తే అతనే ఎత్తి, జ్వరమన్నాడు. ఐదో రోజు వచ్చింది. ప్రొద్దుటూరు ఎండల్లో, యూనిఫాం మీద పొడుగు చేతుల స్వెట్టరు వేసుకుని.

"అదేంది, స్వెట్టరేంది? తియ్యి" అన్నాను.

"చలిజ్వరం మేడమ్. ఇంగా తగ్గలేదు."

యూనిఫాం నియమం అందరికీ ఒకటే అని కసిరి, హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన ఒక గీత పెట్టాను.

ఆ రోజు పిల్లలు జంటలుగా ఒకరికొకరు బీపీ చూసుకోవాలి. దువ్వూరు అమ్మాయికి జంట ఎర్రగుంట్ల పిల్ల. ఈ పిల్ల ఎడమ చెయ్యి అడిగితే దువ్వూరు అమ్మాయి కుడి చెయ్యే ఇచ్చింది. మళ్ళీ అడిగితే మళ్ళీ కుడి చెయ్యే. ఎర్రగుంట్ల పిల్ల బీపీ పట్టీ చుట్టడం ఆపి, లేచి నా బల్ల దగ్గరకు వచ్చింది.

"మేడమ్, ఆరోగ్యం రికార్డులో అక్క బరువు రాయలేదంట. పోయి సూసుకోనొస్తాం. మిషనుండే స్టోరు రూము తాళమియ్యండి."

"ఇప్పుడు బరువేంది? చేసే పని చెయ్యి పో."

ఆ పిల్ల కదల్లేదు. ఎప్పుడూ నవ్వే ముఖంలో నవ్వు లేదు. నా కళ్ళలోకి చూసి, మెల్లగా అంది. "బరువు సూడల్ల మేడమ్."

మా ఆయా మాట. నేనే వాళ్ళకు ఏడాదికి పదిసార్లు చెప్పిన మాట. అది వచ్చి నాకే తగిలాక గానీ నాకు స్వెట్టరు కనపడలేదు, నాలుగు రోజులు కనపడలేదు, గేటు కనపడలేదు. లేచి తాళంచెవి ఇచ్చాను.

వాళ్ళిద్దరూ లోపలికి పోయారు. నేను స్టోరు రూము బయట నిలబడ్డాను. ఆ పిల్ల గొంతు వినపడింది. "అక్కా, ఇంటికాడ నిన్ను ఎవరన్నా కొడతాండారా?" తర్వాత ఏమీ లేదు. ఆ పిల్ల ఊరికే ఉంది. ఒక నిమిషం కూడా నోరు మూసుకోలేని పిల్ల, నేను నేర్పినంత సేపూ, ఇంకా ఎక్కువ సేపూ ఊరికే ఉంది. అంతసేపు నేను గోడకు ఆనుకుని దువా చేసుకున్నాను. ఏమని అడగాలో కూడా తెలియలేదు.

ఎర్రగుంట్ల పిల్ల తలుపు తెరిచి, "మేడమ్, మీరు గూడా రాండి. అక్క రమ్మంటాంది" అంది.

స్వెట్టరు తీసేసి బల్ల మీద పెట్టి ఉంది. ఎడమ ముంజేతి మీద, చిటికెనవేలి వైపున, కమిలిన గుర్తులు. కొన్ని కొత్తవి, నల్లగా. కొన్ని పాతబడి పసుపు రంగుకు తిరిగినవి. నేను బోర్డు మీద రంగు సుద్దలతో గీసి చూపించే బొమ్మే అది.

"మీరు ఆయప్పకు చెప్పినారు మేడమ్" అంది. నింద లేదు ఆ గొంతులో. జరిగింది చెప్పినట్టు చెప్పింది.

నేను ఆమె ముందు నేల మీదనే కూర్చున్నాను. క్షమించమని అడిగాను. ఆమె నా గురించి ఆలోచించే స్థితిలో లేదు. "నాలుగు నెల్లుంటే పరీచ్చలు. ఇంగ మాన్పిస్తా అంటాండాడు. నా చదువు ఆగిపోతాదా మేడమ్?" అని అడిగింది.

అంత దెబ్బల్లో ఆ అమ్మాయి అడిగింది అదొక్కటే. ఆ చదువు నిలబెట్టడం నా చేతిలో ఉందో లేదో నాకు తెలియదు. ఈ సాయంత్రం బండెక్కాలా వద్దా అనేది మాత్రం ఆమె చెప్పాలి, నేను చెప్పకూడదు. ఆ మాటే అడిగాను. పెన్ను లేకపోయినా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే ఉన్నాను. చాలాసేపటికి "పోను" అంది.

ప్రిన్సిపాలు దగ్గరకు పోయాను. చెడ్డ మనిషి కాదు, భయస్తుడు. "మనకెందుకు మేడమ్ ఇది? వాళ్ళు మామూలోళ్ళు కాదు. రేపు స్కూలు గేటుకు తాళం పడితే మిగతా పిలకాయలు ఏం గావల్ల?" అన్నాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు. నేను వాదించలేదు. "సార్, ఒకసారి జమ్మలమడుగులో నేను ఒక చీటీ రాశాను" అని మొదలుపెట్టి ఆ సంగతి అంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ ఒక్క పొద్దు హాస్టల్లో ఉండనీండి. రేపు చూస్తాం" అన్నాడు. ఆ రేపు నాలుగు నెలలు సాగింది. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఐదు గంటలకు అతను వచ్చాడు. జ్వరమనో డ్యూటీ అనో చెప్పి పంపేయమని నా పక్క కుర్చీ టీచరు సలహా ఇచ్చింది. నాకు అబద్ధం చేతకాదు, పైగా అబద్ధం ఒక రోజుకే సరిపోతుంది.

"ఆమె ఈ రోజు రాదు నాయనా. రానని తనే చెప్పింది" అన్నాను.

అతని నవ్వు అట్లాగే ఉంది. "ఏం మేడమ్, ఇది గూడా నాటకమా?"

"కాదు."

అప్పుడు ఆ నవ్వు పోయింది. "నా పెండ్లాన్ని దాచిపెట్టేకి నువ్వెవురే?" అంటూ గేటు మీద చేత్తో కొట్టాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అట్లా అన్నవాళ్ళు లేరు. వెనక ఏదో అలికిడి అయితే తిరిగి చూశాను. నేను పిలవలేదు, ఎవరూ పిలవలేదు. పిల్లలు ఒక్కొక్కరే తెల్ల యూనిఫాంలలో వచ్చి నా వెనక నిలబడుతున్నారు. ముందు వరసలో ఎర్రగుంట్ల పిల్ల నిలబడి, అతని చేతుల వైపే చూస్తోంది. పాఠంలో చెప్పినట్టు మాటలు వినకుండా చేతులు గమనిస్తోంది. అందరూ అట్లాగే చూస్తున్నారు. అతను ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. బండి తిప్పుకుని పోయాడు.

అంతటితో తీరిందని అనుకోకండి. పెద్దమనుషులు వచ్చారు, సర్దుకుపొమ్మన్నారు, బెదిరించారు కూడా. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో ఆమె గాయాలు చూపించి, ఉన్నది ఉన్నట్టు రాయించాం. ఆ కాగితమే తర్వాత ఆమెకు అండ అయింది. ఆమె తల్లి మైదుకూరు నుంచి వచ్చి కూతురి పక్కన నిలబడింది. ఫిర్యాదు ఎప్పుడు ఇవ్వాలో, ఎంతవరకు పోవాలో ఆ అమ్మాయే తేల్చుకుంది. ఆ తర్వాతి కథ ఆమెది, నేను చెప్పకూడదు. ఒకసారి చెప్పి చూశాను కదా. ఆమె పరీక్షలు రాసింది, పాసయింది. అంతవరకు చెబుతాను.

ఎర్రగుంట్ల పిల్లను ఒకరోజు అడిగాను, ఎట్లా తెలిసిందే నీకు అని. "నేను కొట్టేకి చెయ్యి ఎత్తలేదు మేడమ్. టవలు జారిపోతాంటే సర్దుకుందామని ఎత్తిన. చీటీలో అది లేనే లేదు" అంది. ఆ ఒక్కటి నేను చూడలేదు. నేను నటన చూస్తున్నాను, ఆ పిల్ల మనిషిని చూసింది. ఆ తర్వాత నా పాఠంలో నాలుగో నియమం చేర్చాను. తెలిసినవాళ్ళని వదిలిపెట్టవద్దు, వాళ్ళనే ముందు అడగాలి.

రిటైరయిన తర్వాత, ఈ మధ్య పులివెందులలో మా చెల్లెలి ఇంట్లో ఉండగా కళ్ళు తిరిగి బాత్రూములో పడ్డాను. నుదురు చిట్లింది. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా చెల్లెలి పెద్దకొడుకు కారులో ఆసుపత్రికి తీసుకుపోయాడు. బిడ్డలున్న పెద్దమనిషి, నన్ను ప్రాణంగా చూసుకుంటాడు. నర్సు వచ్చి ఎట్లా తగిలిందని అడగగానే అతనే అందుకున్నాడు. "మా ఖాలా బాత్రూములో జారిపడింది సిస్టర్."

ఆమె ముఖానికి మాస్కు ఉంది. కళ్ళు చూసి గుర్తుపట్టాను. దువ్వూరు అమ్మాయి. ఆమె కూడా నన్ను గుర్తుపట్టింది. కానీ పలకరించలేదు. "అన్నా, మీరు ఈడనే ఉండండి. మేడమ్‌ను బరువు చూడల్ల" అంది.

"పడినదానికి బరువెందుకమ్మా?"

"చూడల్ల అన్నా."

లోపల తెర వేసింది. నాకు నవ్వొచ్చింది. "ఏమ్మే, నేనని తెలిసి గూడా?" అన్నాను.

"మీరే గదా మేడమ్ చెప్పినారు, తెలిసినోళ్ళనే ముందు అడగల్ల అని." ఆమె నవ్వలేదు. "ఇంటికాడ మిమ్మల్ని ఎవరన్నా భయపెడతాండారా? చెయ్యి చేసుకుంటాండారా?"

అడిగి, పెన్ను కింద పెట్టింది.

"లేదమ్మా. నిజంగానే కళ్ళు తిరిగి పడినా" అన్నాను. అయినా ఆమె పెన్ను తీసుకోలేదు. నేను చెప్పాల్సింది ఇంకేమీ లేదు. కానీ నా కోసం ఒక మనిషి అట్లా ఊరికే కూర్చుని ఉండడం ఎట్లా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళు ఇతరులకు నేర్పాను, నన్ను ఎవరూ అడగలేదు. కళ్ళు తుడుచుకున్నాను.

అప్పుడు ఆమె రాసుకుంది. నిజంగానే మిషను ఎక్కించి బరువు కూడా చూసింది. దిగేటప్పుడు మళ్ళీ తల తిరిగి తూలాను. పట్టు కోసం నా చెయ్యి ఒక్కసారిగా పైకి లేచింది, సరిగ్గా ఆమె ముఖం ముందు.

ఆమె చెయ్యి అడ్డం రాలేదు. గాలిలో ఉన్న నా చేతిని గట్టిగా పట్టుకుంది.